స్కోరు బోర్డు చెప్పనిది ఏమిటి?



ఈ నెల ఒక చిన్న క్విజ్ ప్రశ్నతో మొదలుపెడతాను. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. అందులో ఒక జట్టు ఎదుటి జట్టు కంటే ఎక్కువసేపు బంతిని తన దగ్గర ఉంచుకుంది. గోల్ వైపు ఎక్కువ షాట్లు కొట్టింది. పైగా సొంత దేశంలో, సొంత జనం ముందు ఆడింది. ఎవరు గెలిచి ఉంటారు?

ఏ క్లాసులో అడిగినా పిల్లలు "ఆ జట్టే టీచర్" అని ఒక్క గొంతుతో అంటారు. మనమైనా అదే అంటాం. ఆ మ్యాచ్ 2014 జూలై 8న బ్రెజిల్‌లోని బెలో హారిజాంటేలో జరిగిన వరల్డ్ కప్ సెమీ ఫైనల్. బంతి ఎక్కువసేపు ఉన్నది బ్రెజిల్ దగ్గర. షాట్లు ఎక్కువ కొట్టింది కూడా బ్రెజిలే. స్కోరు మాత్రం జర్మనీ 7, బ్రెజిల్ 1.

నేను చెప్పేది ఇంగ్లిష్. మరి ఫుట్‌బాల్ గురించి ఎందుకు రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఇప్పుడు డేటా అనలిస్టులు పని చేస్తున్నారు. ఆటలో జరిగే ప్రతి పాస్, ప్రతి షాట్ లెక్క చూసి, కోచ్‌కు, యాజమాన్యానికి సలహా ఇవ్వడం వాళ్ల ఉద్యోగం. ఏ అంకెను నమ్మాలో, ఏ అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుందో వాళ్లు నేర్చుకున్న పాఠాలు చదువుతుంటే నాకు ప్రతిసారీ మన ప్రోగ్రెస్ కార్డే కళ్ల ముందు మెదిలింది. అంకెలతో పిల్లల్ని అంచనా వేసే పని మీరూ చేస్తున్నారు, మేమూ చేస్తున్నాం. అందుకే ఈ వ్యాసం.

మొదటి అపోహ: స్కోరు అంతా చెబుతుంది

క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో వందల పరుగులు వస్తాయి. ఫుట్‌బాల్‌లో 90 నిమిషాలు ఆడితే రెండు జట్లూ కలిసి కొట్టేది సగటున మూడు గోల్స్ లోపే. అంత తక్కువ గోల్స్ ఉన్న ఆటలో ఒక్క గోల్‌పోస్ట్ దెబ్బ, ఒక్క రిఫరీ నిర్ణయం, ఒక్క కాలి జారుడు ఫలితాన్ని మార్చేస్తాయి. కాబట్టి ఒక మ్యాచ్ స్కోరు చూసి ఏ జట్టు బాగా ఆడిందో చెప్పడం కష్టం.

దీనికి అనలిస్టులు వాడే కొలత పేరు 'ఎక్స్‌పెక్టెడ్ గోల్స్'. పేరు పెద్దదిగా ఉన్నా విషయం సులువే. పెనాల్టీ కిక్‌లు వంద కొడితే 75కు పైగా గోల్ అవుతాయి. అదే పాతిక మీటర్ల దూరం నుంచి కొట్టే మామూలు షాట్లు వందకు నాలుగైదు కూడా వెళ్లవు. అంటే అన్ని షాట్లూ ఒకటి కావు. ఒక జట్టు ఎన్ని షాట్లు కొట్టిందో కాకుండా, ఎంత మంచి అవకాశాలు సృష్టించుకుందో కూడి చూస్తే, ఆ జట్టు అసలు ఎలా ఆడిందో తెలుస్తుంది. ఈ కొలత 2017 నుంచి ఇంగ్లాండ్‌లో బీబీసీ 'మ్యాచ్ ఆఫ్ ది డే' కార్యక్రమంలో కూడా కనిపిస్తోంది.

దీని విలువ తెలియాలంటే యుర్గెన్ క్లాప్ సంగతి చెప్పుకోవాలి. ఆయన జర్మనీలో డార్ట్‌మండ్ జట్టును 2011, 2012లలో ఛాంపియన్‌గా నిలిపారు. 2014-15 సీజన్‌లో మాత్రం అదే జట్టు ఒక దశలో పట్టికలో అట్టడుగుకు పడిపోయి, చివరికి ఏడో స్థానంలో ఆగింది. క్లాప్ పని అయిపోయిందని చాలామంది అన్నారు. ఆ సీజన్ తర్వాత ఆయన ఆ క్లబ్‌ను వదిలేశారు.

లివర్‌పూల్ క్లబ్‌లో డేటా విభాగాన్ని నడిపిన ఇయాన్ గ్రాహమ్ కేంబ్రిడ్జ్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన వ్యక్తి. ఆయన ఆ సీజన్‌లో డార్ట్‌మండ్ సృష్టించుకున్న అవకాశాలు, ఎదుటి జట్లకు ఇచ్చిన అవకాశాలు లెక్కగట్టారు. ఆ లెక్క ప్రకారం ఆ జట్టు జర్మనీలో రెండో మంచి జట్టు. ఆట చెడలేదు, ఫలితాలు కలిసిరాలేదు. క్లాప్ 2015 అక్టోబర్‌లో లివర్‌పూల్ కోచ్ అయ్యాక, గ్రాహమ్ ఒక పాత మ్యాచ్ లెక్కలు పట్టుకుని ఆయన గదికి వెళ్లారు. మైన్జ్ జట్టు చేతిలో డార్ట్‌మండ్ 0-2తో ఓడిన మ్యాచ్ అది. నిజానికి మంచి అవకాశాలు డార్ట్‌మండ్‌వే. క్లాప్ ఉత్సాహంగా ఆ మ్యాచ్ చూశారా అని అడిగారు. గ్రాహమ్ చూడలేదు. అంకెల్లోనే ఆయనకు అది కనిపించింది.

తర్వాత జరిగింది చరిత్ర. క్లాప్ చేతిలో లివర్‌పూల్ 2019లో ఛాంపియన్స్ లీగ్, ఆ మరుసటి ఏడాది 30 ఏళ్ల నిరీక్షణ తర్వాత ఇంగ్లాండ్ లీగ్ టైటిల్ గెలిచింది. ఏడో ర్యాంకు చూసి ఆయన్ను వద్దనుకుని ఉంటే?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 20 మార్కుల స్లిప్ టెస్టులో ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న తప్పితే క్లాసులో ఐదో ర్యాంకు పిల్ల పదిహేనో ర్యాంకుకు వెళ్లిపోవచ్చు. ఆ ప్రశ్న చెప్పిన రోజు ఆ పిల్లకు జ్వరం వచ్చి ఉండొచ్చు. ర్యాంకు పది స్థానాలు పడింది, పిల్ల చదువు పది స్థానాలు పడలేదు. ఒక్క టెస్టు ఒక్క మ్యాచ్ లాంటిది. అనలిస్టులు ఒక్క మ్యాచ్ చూసి ఏ ఆటగాడి మీదా తీర్పు చెప్పరు.

రెండో అపోహ: లెక్కపెట్టగలిగిందే ముఖ్యం

బంతి ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందన్నది టీవీలో ఎప్పుడూ చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, అర్థం కావడం సులువు. 2022 డిసెంబర్ 6న ఖతర్ వరల్డ్ కప్‌లో స్పెయిన్, మొరాకో తలపడ్డాయి. ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 120 నిమిషాల్లో స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చుకుంది. గోల్ మీదకు సరిగ్గా వెళ్లిన షాట్ మాత్రం ఒక్కటే. ఒక్క గోల్ కూడా రాలేదు. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో మొరాకో 3-0తో గెలిచింది.

ఇది చదవగానే నాకు ఏం గుర్తొచ్చిందో చెప్పనా? పేరెంట్ మీటింగుల్లో మేం తరచూ వినే మాట. "రాత్రి పదకొండు దాకా పుస్తకం ముందే కూర్చుంటాడండీ, మార్కులే రావట్లేదు." కూర్చున్న గంటలు స్పెయిన్ పాస్‌ల లాంటివి. లెక్కపెట్టడం సులువు కాబట్టి మనం వాటినే లెక్కపెడతాం. ఆ మూడు గంటల్లో పుస్తకం మూసి ఒక్క జవాబైనా సొంతంగా రాశాడా, చేసిన తప్పును మళ్లీ దిద్దుకున్నాడా అన్నది గోల్ మీదకు వెళ్లే షాట్.

ఇదే కోవలో ఇంకో కథ ఉంది. యాప్ స్టామ్ డిఫెండర్లలో మేటి. 2001లో మాంచెస్టర్ యునైటెడ్ ఆయన్ను ఇటలీలోని లాజియో క్లబ్‌కు అమ్మేసింది. అప్పటికి ఆయన చేసే ట్యాకిల్స్ సంఖ్య తగ్గిందన్న లెక్క కూడా ఆ నిర్ణయానికి ఒక కారణమని ఫుట్‌బాల్ రచయితలు రాశారు. కారణం ఏదైనా, అమ్మడం పొరపాటేనని కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ తర్వాత ఒప్పుకున్నారు. స్టామ్ ఆ తర్వాత కూడా ఇటలీలో ఏళ్ల తరబడి అగ్రస్థాయిలో ఆడి, 2005లో మిలాన్ జట్టు తరఫున ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ కూడా ఆడాడు.

ఇక్కడ అనలిస్టులు చెప్పే మాట గమనించండి. మంచి డిఫెండర్ ముందే సరైన చోట నిలబడతాడు. దాంతో ఎదుటివాడు ఆ వైపు బంతినే పంపడు. ట్యాకిల్ చేయాల్సిన అవసరమే రాదు. జరగని దాన్ని ఎవరు లెక్కపెడతారు? మన క్లాసుల్లోనూ అలాంటి పిల్లలు ఉంటారు. పక్క బెంచీ పిల్లకు లెక్క అర్థమయ్యేలా చెప్పేవాళ్లు, గొడవ పెరగక ముందే సర్దిచెప్పేవాళ్లు, అందరూ తలూపినా "టీచర్, నాకు అర్థం కాలేదు" అని ధైర్యంగా లేచేవాళ్లు. వీటికి ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు.

మూడో అపోహ: గెలిచినవాళ్లు చేసిందే గెలుపు సూత్రం

చార్లెస్ రీప్ బ్రిటన్ వైమానిక దళంలో అకౌంట్స్ అధికారి. 1950 మార్చి 18న స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ, సెకండ్ హాఫ్‌లో కాగితం, పెన్సిల్ తీసి ప్రతి కదలికనూ రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో ఏళ్లపాటు వందల మ్యాచ్‌లను అలాగే నమోదు చేశాడు. ఈ రంగానికి తాత అనదగిన మనిషి. ఓపికకు దండం పెట్టాలి.

ఆయన లెక్కలో గోల్స్‌లో సుమారు 80 శాతం మూడు, లేదా అంతకంటే తక్కువ పాస్‌ల తర్వాత వచ్చినవే. కాబట్టి ఎక్కువ పాస్‌లు దండగ, బంతిని పొడవుగా ముందుకు కొట్టేయండి అని ఆయన తేల్చాడు. ఆ ఆలోచన ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌ను దశాబ్దాలపాటు ప్రభావితం చేసింది.

ఇందులో చిక్కు ఎక్కడుందో మీ హైస్కూల్ పిల్లల్ని అడగండి, లెక్కలు బాగా వచ్చినవాళ్లు పట్టేస్తారు. ఫుట్‌బాల్‌లో అసలు జరిగే దాడుల్లోనే 90 శాతానికి పైగా మూడు పాస్‌ల లోపు ముగిసిపోతాయి. 90 శాతం ప్రయత్నాల నుంచి 80 శాతం గోల్స్ వచ్చాయంటే, ఆ పద్ధతి సగటు కంటే తక్కువ పనిచేసినట్టే. పొడవైన పాస్‌ల వరుసలు తక్కువగా జరిగినా, వాటి వంతుకు మించి గోల్స్ ఇచ్చాయి. రీప్ గోల్స్‌ను లెక్కపెట్టాడు, గోల్ కాని ప్రయత్నాలను పక్కన పెట్టి చూడలేదు.

మన దగ్గర ఈ తప్పు రోజూ జరుగుతుంది. "టాపర్లంతా తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారట" అంటాం. హాస్టల్‌లో బెల్లు కొడితే అందరూ నాలుగింటికే లేస్తారు కదా! అలా లేచినా ర్యాంకు రానివాళ్లు ఎంతమంది అని మనం అడగం. నిద్ర చాలక క్లాసులో తూలేవాళ్లు ఎంతమంది అనీ అడగం. పేపర్లో ఫోటో పడినవాళ్ల అలవాట్లు చూసి మన పిల్ల టైమ్ టేబుల్ రాసే ముందు, అదే టైమ్ టేబుల్‌తో ఫోటో పడనివాళ్లను కూడా ఒకసారి తలచుకోవాలి.

నాలుగో అపోహ: కోచ్‌ను మారిస్తే అంతా మారిపోతుంది

వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే క్లబ్ కోచ్‌ను తీసేస్తుంది. కొత్త కోచ్ వస్తాడు, జట్టు మళ్లీ గెలవడం మొదలుపెడుతుంది. "చూశారా, మార్చగానే ఫలితం" అంటారు. బాస్ టర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ అగ్ర లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగినదంతా పరిశీలించారు. కోచ్‌ను మార్చిన జట్లు కోలుకున్న మాట నిజమే. అంతే దారుణంగా ఓడి కూడా కోచ్‌ను మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి. మరీ చెడ్డ రోజుల తర్వాత మామూలు రోజులు రావడం సహజం. ఆ మామూలు రోజుల క్రెడిట్ కొత్త కోచ్ ఖాతాలో పడుతోంది.

ఒక్క యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయని ట్యూషన్ మార్చడం, ఏడాది మధ్యలో బ్రాంచి మార్చడం, కొత్త ఆన్‌లైన్ కోర్సు కొనడం... వీటిలో ఎన్నింటికి నిజంగా అవసరం ఉందో ఆలోచించండి. మార్చొద్దని నేను అనడం లేదు. రెండు మూడు టెస్టులు వరుసగా ఒకే చోట ఇబ్బంది కనిపిస్తే మార్పు కావాలి. ఒక్క చెడ్డ టెస్టుకే మారిస్తే డబ్బు పోతుంది, పైగా "నా వల్లే ఇంత ఖర్చు" అన్న బరువు పిల్ల మీద పడుతుంది.

ఐదో అపోహ: ఒకసారి ఫెయిలైతే అంతే

మొహమ్మద్ సలా 2014 జనవరిలో ఈజిప్టు కుర్రాడిగా ఇంగ్లాండ్‌లోని చెల్సీ క్లబ్‌లో చేరాడు. లీగ్‌లో ఆ జట్టు తరఫున ఆడింది మొత్తం 13 మ్యాచ్‌లు. అందులో సగానికి పైగా మధ్యలో దిగినవే. కొట్టింది రెండు గోల్స్. 'ఇంగ్లాండ్‌లో పనికిరాడు' అన్న ముద్ర పడిపోయింది. ఇటలీ వెళ్లి బాగా ఆడినా ఆ ముద్ర పోలేదు. లివర్‌పూల్ అనలిస్టులు మాత్రం ముద్ర చూడలేదు. ఆడిన కొద్ది నిమిషాలనూ, తర్వాత ఇటలీలో ఆడిన ఆటనూ కలిపి లెక్క చూశారు. 2017లో క్లబ్ అతన్ని కొనుక్కుంది. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో అప్పటికి అది రికార్డు.

"వీడికి మ్యాథ్స్ రాదు", "దీనికి ఇంగ్లిష్ అంటే భయం" అని పిల్లల ముందే మనం అనేసే మాటలు కూడా ముద్రలే. ఏడో తరగతిలో పడిన ముద్రను పదో తరగతి వరకు మోసే పిల్లల్ని ప్రతి టీచర్ చూస్తారు. చాలాసార్లు ఆ ముద్ర వెనుక ఉన్నది ఒకటో రెండో టెస్టులే.

మరి చివరికి అడిగేది ర్యాంకే కదా?

ఈ ప్రశ్న మీ మనసులో ఉంటుందని నాకు తెలుసు. ఈఏపీసెట్‌లో, జేఈఈలో ఎవరూ 'ఎలా చదివావు' అని అడగరు, ర్యాంకే అడుగుతారు. నిజమే. ఫుట్‌బాల్ క్లబ్బుకూ చివరికి కావాల్సింది గెలుపే. అనలిస్టులు గెలుపు వద్దని చెప్పే సన్యాసులు కారు. గెలుపు ఎక్కువసార్లు రావాలంటే స్కోరు వెనుక ఉన్న ఆటను చూడాలని మాత్రమే వాళ్లు చెబుతారు. స్కోరు నిన్నటి సంగతి చెబుతుంది. రేపటి సంగతి ఆడే తీరు చెబుతుంది.

అలాగని అంకెలే సర్వస్వం అని కూడా కాదు. గ్రాహమ్ లెక్కలకు క్లాప్ లాంటి కోచ్ కావాల్సి వచ్చింది. ఈ విషయంలో మన హైదరాబాద్‌కే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట స్కూల్ టీచర్. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుర్రాళ్లకు ఆయన కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో బంతిని ఒక్కరే తీసుకుపోకుండా పాస్ ఇవ్వాలి. అక్కడ ఎవరు గెలిచారన్నది అంత ముఖ్యం కాదు. ఏ కాలు బలహీనంగా ఉందో తెలియాలి, అది బలపడాలి. టెస్టు పెట్టేది కూడా అందుకే అని మనం అప్పుడప్పుడూ మరచిపోతాం.

తర్వాతి మీటింగ్‌లో ఈ మూడు అడగండి

ఒకటి: మార్కులు పోయింది ఎక్కడ? తెలియకనా, తెలిసీ తొందరపడా, టైమ్ చాలకనా? మూడింటికీ మందు వేరు. జవాబు పత్రం అడిగి చూడండి, అది మీ హక్కు.

రెండు: గత నాలుగైదు టెస్టులు కలిపి చూస్తే దారి ఎటు ఉంది? క్లాసులో ఎన్నో ర్యాంకు అన్నది పక్క పిల్లల మార్కుల మీద కూడా ఆధారపడుతుంది. మీ పిల్లను మీ పిల్లతోనే పోల్చండి.

మూడు: ప్రోగ్రెస్ కార్డులో లేనిది, టీచర్‌గా మీరు ఏం గమనించారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మాకు ఎంతో ఇష్టం. అడిగేవాళ్లే తక్కువ.

ఇక మా వైపు నుంచి కూడా ఒక మాట. సెక్షన్లు మార్చేటప్పుడు ఒక్క టెస్టు ర్యాంకుతో కాకుండా కనీసం ఒక టర్మ్ మొత్తం మార్కులు, టీచర్ల అభిప్రాయం కలిపి చూస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ఒక పిల్లను కింది సెక్షన్‌కు పంపడం మనకు లిస్టులో ఒక పేరు జరపడం. ఆ పిల్లకు స్నేహితులు మారతారు, బెంచీ మారుతుంది, తన గురించి తనకున్న నమ్మకం మారుతుంది. అంత పెద్ద నిర్ణయానికి 20 మార్కుల పేపరు ఒక్కటే సాక్ష్యం కాకూడదు. తల్లిదండ్రులు మీరూ ఈ మాట అంటే మేనేజ్‌మెంట్ తప్పకుండా వింటుంది.

వచ్చే నెల యూనిట్ టెస్టు కార్డులు మీ ఇంటికి వస్తాయి. "ఎంత వచ్చింది?" అని అడగడం సహజం, అడగండి. ఆ వెంటనే "ఏది కొత్తగా అర్థమైంది, ఏది ఇంకా అర్థం కాలేదు?" అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి మీ పిల్ల కాస్త సమయం తీసుకుంటుంది. ఆగండి, వినండి.